దత్త మండలాల వలసదారుల వంశాన్వేషణ

దత్త మండలాల వలసదారుల వంశాన్వేషణ అనగా 19వ శతాబ్దంలోను, 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలోను మదరాసు ప్రెసిడెన్సీలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తాలూకాల నుండి మారిషస్, నేటాల్, ఫిజీ మొదలగు దేశాలకు ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారి స్వగ్రామాన్ని, కుటుంబాన్ని చారిత్రక పత్రాల సహాయంతో గుర్తించుట. ఈ మూడు పట్టణాలు ప్రస్తుతం ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములోని శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నవి. ఈ అన్వేషణలో మనిషి పేరు కంటె ఊరి పేరు ముఖ్యమైనది. ఆ ఊరు ఏ జిల్లా క్రింద వ్రాయబడినది, ఆ సంవత్సరంలో ఆ జిల్లా ఎల్లలు ఏవి అను విషయాలు తేల్చుకొనకుండా ముందుకు సాగినచో వేరొకరి తాతను తమ తాతగా భావించు ప్రమాదమున్నది.

నేపథ్యం

1800లో హైదరాబాదు నిజాము ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ప్రాంతమునకు దత్త మండలాలు అని పేరు. థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా పనిచేసి, పొలములను కొలిపించి, రైతు పేరున శిస్తు నిర్ణయించు పద్ధతిని స్థిరపరచెను. రైతు పేరు సర్కారు దస్త్రములోకి ఎక్కుట ఈ పద్ధతి వలన కలిగిన ఫలితము. వంశాన్వేషకులకు ఇది ఎంతో ఉపయోగకరము. జమీందారీ ప్రాంతములలో జమీందారు పేరు మాత్రమే ప్రభుత్వ లెక్కలలో కనిపించుచుండగా, దత్త మండలాలలో సామాన్యుడైన రైతు పేరు కూడా లభించుటకు అవకాశమున్నది.

బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వ నిర్మూలన జరిగిన తరువాత చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చిరి. మారిషస్‌కు 1834 నుండి సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు వెళ్ళిరి. దక్షిణ ఆఫ్రికాలోని నేటాల్‌కు మొదటి ఓడ 'ట్రూరో' మదరాసు నుండి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరినది. 1866 - 1874 మధ్య ఈ వలస నిలిచి, తిరిగి మొదలై, 1911లో ముగిసినది. ఈ కాలంలో నేటాల్ చేరినవారి మొత్తం సంఖ్య 1,52,184. వీరిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మదరాసు రేవు నుండి ఓడ ఎక్కినవారే. ఫిజీకి 1879 - 1916 మధ్య 60 వేలకు పైగా వెళ్ళిరి. అక్కడికి మదరాసు నుండి ఓడలు 1903లో మాత్రమే ప్రారంభమైనవి.

తెలుగువారిలో ఎక్కువమంది విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల వారు. దత్త మండలాలు సముద్రమునకు దూరమగుటచే అక్కడి నుండి వెళ్ళినవారు తక్కువ. కోస్తా జిల్లాల ఊళ్ళ పేర్లు దత్త మండలాల ఊళ్ళ పేర్లుగా పొరబడబడుటకు ఇదియే కారణము. తక్కువ సంఖ్యలో ఉన్నవారిని ఎక్కువ సంఖ్యలో ఉన్నవారి మధ్య వెదకవలసి వచ్చినపుడు ప్రతి నమోదును అనుమానముతో చూడవలెను.

వలసకు ప్రధాన కారణములలో ఒకటి 1876-78 నాటి మహా క్షామము. దక్షిణ భారతములో ఈ క్షామమునకు మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి ఒకటి. నేటి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలలో అధిక భాగము అప్పుడు బళ్ళారి జిల్లాలో ఉండెను. 1871 జనాభా లెక్కలకు, 1881 జనాభా లెక్కలకు మధ్య ఈ ప్రాంతపు జనసంఖ్య సుమారు అయిదవ వంతు తగ్గినది. మరణించినవారు, మైసూరు సంస్థానమునకు పోయినవారు, మదరాసు దారి పట్టినవారు అందరూ ఈ తగ్గుదలలో కలిసియున్నారు. మదరాసు - రాయచూరు రైలు మార్గము తాడిపత్రి, గుత్తి మీదుగా 1871 నాటికి పూర్తియైనది. కనుక పెనుకొండ, ధర్మవరం ప్రాంతీయులు ముందుగా ఉత్తరమునకు గుత్తి వైపు నడిచి రైలు ఎక్కవలసి యుండెను. ధర్మవరం, హిందూపురం మీదుగా బెంగుళూరుకు పోవు మార్గము 1890ల తొలి సంవత్సరములలో వచ్చినది. రైలు ఉన్నచోటికి కూలీలను కుదుర్చు మేస్త్రీలు వచ్చుట సహజము.

జిల్లా పేరుతో వచ్చు చిక్కు

వలస పత్రములలో స్వస్థలము సాధారణంగా మూడు భాగములుగా ఉండును: జిల్లా, తాలూకా లేక ఠాణా, గ్రామము. జిల్లాను 'జిల్లా' అనియే అరబీ మూలపు పదముతో వ్రాసిరి. వారసులలో చాలామందికి ఈ మూడింటిలో జిల్లా పేరు మాత్రమే తెలిసియుండును. దత్త మండలాల విషయంలో ఈ పేరు మోసగించును.

1808లో దత్త మండలాలు బళ్ళారి, కడప అను రెండు జిల్లాలుగా విభజింపబడినవి. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం, మడకశిర తాలూకాలు బళ్ళారి క్రిందికి వచ్చినవి. 1882లో బళ్ళారి జిల్లాను చీల్చి అనంతపురం జిల్లాను ఏర్పరచిరి. అనగా 1880లో ఓడ ఎక్కిన పెనుకొండ మనిషి 'బళ్ళారి' వాడు, 1890లో ఓడ ఎక్కిన అతని తమ్ముడు 'అనంతపురం' వాడు. ఇద్దరూ ఒకే ఇంటి వారైనను కాగితము మీద రెండు జిల్లాల వారు. వారసులు ఈ సంగతి ఎరుగక, తమ పెద్దలు నేటి కర్ణాటకలోని బళ్ళారి నుండి వచ్చిరని నమ్మి, కన్నడిగులమని చెప్పుకొనుటకు ఆస్కారము కలదు.

కదిరి తాలూకా కథ మరొక విధము. అది 1910 వరకు కడప జిల్లాలో ఉండి, ఆ తరువాత అనంతపురంలో చేరినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో నిలిచి, మిగిలిన భాగము మైసూరు రాష్ట్రములో చేరినది. 1985లో తాలూకాల స్థానంలో మండలములు వచ్చినవి. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి ముఖ్య పట్టణముగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది. ఈ విధముగా పెనుకొండ సమీపములోని ఒక పల్లె, చోటు కదలకుండానే, బళ్ళారి, అనంతపురం, శ్రీ సత్యసాయి అను మూడు జిల్లాలను చూచినది. 'రాయలసీమ' అను పేరును పాత పత్రములలో వెదకుట వృథా. ఆ పేరు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించగా వాడుకలోనికి వచ్చినది.

ఒకే పేరు గల ఊళ్ళు

జిల్లాను నిర్ధారించుకొనిన పిదప కూడా ఊరి పేరు చిక్కులు పెట్టును. ఇందుకు పెనుకొండయే మంచి ఉదాహరణ. విజయనగర రాజులకు 1565 నాటి యుద్ధము తరువాత రాజధానియైన పెనుకొండ ఇక్కడిది. వాసవీ కన్యకాపరమేశ్వరి క్షేత్రముగా ప్రసిద్ధమైన పెనుగొండ పశ్చిమ గోదావరి జిల్లాలోనిది. తెలుగులో 'క', 'గ' అను అక్షరములతో ఉన్న ఈ భేదము ఆంగ్ల లిపిలో గుమాస్తా చేతిలో పడినపుడు నిలువలేదు. రెండింటినీ ఒకే విధముగా వ్రాసిన సందర్భములు ఉండును. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడినది కనుక వలస పత్రములలో ఆ పేరు కనిపించదు. ఆ పెనుగొండకు జిల్లాగా గోదావరియో కృష్ణయో ఉండును. కావున జిల్లా గడిని చూడకుండా ఊరి గడిని మాత్రమే చూచినవారు దాదాపు తప్పక పొరబడుదురు.

ధర్మవరం మరింత కష్టము. చేనేత పట్టు చీరలకు పేరుపొందిన ధర్మవరము గాక, తూర్పు గోదావరి ప్రాంతములోని ప్రత్తిపాడు వద్ద ఒక ధర్మవరము, విజయనగరం ప్రాంతములోని శృంగవరపుకోట వద్ద ఒక ధర్మవరము ఉన్నవి. నేటాల్‌కు విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుండి వేలకొలది వెళ్ళిరి గనుక, పట్టికలో ధర్మవరము కనిపించగానే అది చీరల ధర్మవరమని తలంచరాదు. హిందూపురం తాలూకాలోని పరిగికి తెలంగాణలో వికారాబాదు వద్ద మరొక పరిగి, గోరంట్లకు గుంటూరు వద్ద మరొక గోరంట్ల ఉన్నవి. ఈ రెండింటిలో తెలంగాణ పరిగి నిజాము రాజ్యములోనిది గనుక మదరాసు జిల్లా పేరు ఉన్నంత మాత్రముననే దానిని తొలగించవచ్చును.

ఒక కల్పిత నమోదును ఉదాహరణగా తీసికొనవచ్చును. 1880లో డర్బన్‌లో దిగిన ఒకని స్వస్థలము 'బళ్ళారి జిల్లా, పెనకొండ తాలూకా, రొద్దం' అని యున్నదనుకొందము. 1882కు ముందు పెనుకొండ బళ్ళారిలోనిది, రొద్దము పెనుకొండ తాలూకాలోనిది. కావున మూడు గడులూ ఒకదానితో ఒకటి పొసగినవి. ఇదే నమోదు 1895 నాటిదైనచో జిల్లా గడిలో బళ్ళారి ఉండరాదు. అప్పుడు గుమాస్తా పాత అలవాటు చొప్పున వ్రాసెనా, లేక ఊరు మరొకటియా అని విచారింపవలెను. మూడు గడులూ పొసగిన నమోదును మాత్రమే ఆధారముగా గ్రహించుట ఉత్తమము.

ఊరు ఇప్పుడు లేకపోవుట మరొక సమస్య. క్షామమునకు, కలరాకు, చెరువు తెగిపోవుటకు గురియై జనము విడిచిపోయిన గ్రామములను రెవెన్యూ భాషలో బేచిరాకు గ్రామములందురు. ఇండ్లు లేకపోయినను గ్రామము పేరు, ఎల్లలు, పొలముల నంబర్లు రెవెన్యూ లెక్కలలో కొనసాగును. దూరదేశము నుండి వచ్చిన వారసుడు పటములో ఊరు కనిపించలేదని తిరిగి పోవును. కాని మండల కార్యాలయములో గ్రామముల జాబితా అడిగినచో ఆ పేరు అక్కడ ఉండవచ్చును. సమీపములోని పెద్ద ఊరి వారు ఆ బయలును ఇప్పటికీ పాత పేరుతోనే పిలుచుట కలదు.

గ్రామముల పాత పేర్లను సరిచూచుకొనుటకు రెండు మూడు గ్రంథములు ఎంతో ఉపకరించును. జాన్ కెల్సాల్ వ్రాసిన బళ్ళారి జిల్లా మాన్యువల్ 1872లో, అనగా జిల్లా చీలకముందు, ప్రచురింపబడినది. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ వ్రాసిన బళ్ళారి గెజిటీరు 1904లోను, అనంతపురం గెజిటీరు 1905లోను వెలువడినవి. క్షామమునకు పూర్వపు స్థితికి కెల్సాల్, తరువాతి స్థితికి ఫ్రాన్సిస్ ప్రమాణము.

నౌకా పట్టికలు, వలస పత్రములు

నేటాల్‌కు చేరిన ప్రతి వ్యక్తికి ఒక వరుస సంఖ్య ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, శరీరముపై గుర్తులు, ఎవరి తోటకు పంపబడినది మొదలగు వివరములను పెద్ద పుస్తకములలో వ్రాసిరి. ఈ పుస్తకములను నౌకా పట్టికలందురు. ఇవి డర్బన్‌లోని ప్రభుత్వ పత్రభాండాగారములో ఉన్నవి. వీటిని క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయములోని గాంధీ-లుతూలి పత్ర కేంద్రము కంప్యూటరులోనికి ఎక్కించినది. ఒక కుటుంబము కలిసి వెళ్ళినచో వారి సంఖ్యలు వరుసగా ఉండును. కనుక ఒకరి పేరు దొరికిన వెంటనే దానికి పైన, క్రింద ఉన్న పది పేర్లను కూడ చదువుట మంచిది. ఒకే ఊరి నుండి వచ్చినవారు ఒకే ఓడలో వరుసగా కనిపించినచో ఊరి పేరు సరియైనదనుటకు అది మంచి సాక్ష్యము.

ఫిజీకి వెళ్ళినవారికి ఒక్కొక్కరికి ఒక్కొక్క వలస పత్రము ఇచ్చిరి. ఇందులో ఎత్తు, శరీర చిహ్నములు, వివాహితులైనచో భార్య లేక భర్త పేరు, అత్యంత సమీప బంధువు పేరు ఉండును. నేటాల్ పట్టికలో తండ్రి పేరు మాత్రమే లభించుచుండగా, ఇచ్చట అన్నయో తల్లియో ఊరిలో మిగిలియున్న మరొకరి పేరు దొరకవచ్చును. ఊరిలో వెదకునపుడు వెళ్ళిపోయిన వాని పేరు కంటె ఊరిలో ఉండిపోయిన వాని పేరే ఎక్కువ పనికివచ్చును. వెళ్ళినవాడు లెక్కలలో లేడు, ఉన్నవాడు ఉన్నాడు. మారిషస్ పత్రములు మోకా పట్టణములోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరుపబడినవి. అక్కడ కూడ వలస సంఖ్యయే తాళపుచెవి. 1860ల నుండి కొందరి ఛాయాచిత్రములు సైతము దొరకును. తాతగారి తాత ముఖము చూడగల అదృష్టము భారతదేశములో ఉండిపోయిన పల్లె కుటుంబములకు లేదు. సముద్రము దాటినవారి సంతతికే అది దక్కినది.

తోటలో మరణించిన కూలీల సొమ్మును వారసులకు అందజేయుటకై వలస రక్షకాధికారికి, మదరాసు ప్రభుత్వమునకు, జిల్లా కలెక్టరునకు మధ్య లేఖలు నడిచెడివి. ఇటువంటి లేఖలలో ఊరు, వారసుల పేర్లు స్పష్టముగా ఉండును. ఇవి అందరికీ ఉండవు, కాని ఉన్నచోట నౌకా పట్టికను మించిన ప్రమాణము.

పేర్లు, కులము

నౌకా పట్టికలలో ఇంటిపేరుకు గడి లేదు. తెలుగువారికి వంశమును తెలుపునది ఇంటిపేరే గనుక ఇది పెద్ద లోపము. ఓడ దిగినవాని సొంత పేరో, తండ్రి పేరో, నాయుడు, రెడ్డి, చెట్టి వంటి బిరుదమో తరువాతి తరములకు ఇంటిపేరుగా స్థిరపడినది. కావున నేడు దక్షిణ ఆఫ్రికాలో ఒకే ఇంటిపేరు గల రెండు కుటుంబములకు బంధుత్వము ఉండవలసిన పని లేదు. అన్నదమ్ముల సంతతికి వేర్వేరు ఇంటిపేర్లు ఉండుటయు కలదు.

విన్నది విన్నట్లు ఆంగ్ల లిపిలో వ్రాయుటచే పేర్లు వికృతములైనవి. వెంకటిగాడు, ఎర్రిగాడు, నాగిగాడు వంటి పేర్లను గుమాస్తాలు అట్లే వ్రాసికొనిరి. గ్రామపు లెక్కలలో అదే వ్యక్తి వెంకటప్పగానో, ఎర్రప్పగానో, నాగప్పగానో ఉండవచ్చును. 'అప్ప' అను అంతము ఈ ప్రాంతములో మిక్కిలి సాధారణము. కన్నడ సీమకు ఆనుకొనియున్న హిందూపురం, మడకశిర ప్రాంతములలో ఇది మరీ ఎక్కువ. వయస్సులను నమ్మరాదు. ఇరవై, ఇరవై అయిదు, ముప్పది వంటి అంకెలు గుమాస్తా అంచనాలు. అయిదారేండ్ల తేడాను దోషముగా ఎంచనవసరము లేదు.

కులపు గడి కూడ సాక్ష్యమే. బోయ, కురుబ అను పేర్లు దత్త మండలాలలో విస్తారముగా ఉన్న కులములవి. గవర, కొప్పుల వెలమ మొదలగునవి విశాఖపట్నం వైపువి. ధర్మవరము అను ఊరి పక్కన బోయ అని యున్నచో అనంతపురం ధర్మవరము వైపునకు, గవర అని యున్నచో శృంగవరపుకోట వైపునకు మొగ్గు చూపవచ్చును. అయితే డిపోలో కులమును మార్చి చెప్పినవారు ఉండిరి గనుక ఇది బలపరచు సాక్ష్యమే గాని ఒంటిగా నిలిచెడి సాక్ష్యము కాదు. పాత ఆంగ్ల పత్రములలో తెలుగువారిని 'జెంటూలు' అనిరి. మారిషస్‌లో దక్షిణాది వారందరినీ కలిపి 'మలబారు' అనుట వాడుక. ఈ మాటను చూచి కేరళకు పోయి వెదకరాదు.

గ్రామములో లభించు ఆధారములు

జనాభా లెక్కలు పనికివచ్చునని చాలామంది భావింతురు. భారతదేశములో 1871 నుండి లెక్కలు జరిగినను, ఇంటింటి వివరములు వ్రాసిన కాగితములను సంకలనము ముగిసిన తరువాత భద్రపరచలేదు. మిగిలినవి అంకెలే. పేర్ల కొరకు భూమి లెక్కల వైపు తిరుగక తప్పదు.

వీటిలో మొదట చూడదగినవి ఇనాం దస్త్రములు. మదరాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమీషను 1858లో ఏర్పడి, తరువాతి పదేండ్లలో ప్రతి గ్రామములోని మాన్యములను విచారించినది. ఎవరి అనుభవములో ఉన్నది, మొదట ఎవరికి ఇచ్చిరి, అతనికి ఇతడు ఏమి కావలెను అను వివరములు ఇనాం ఫెయిర్ రిజిస్టరులో నమోదైనవి. ఒక్క పుటలోనే రెండు మూడు తరములు లభించుట కలదు. ఇవి అర్చకులకు, అగ్రహారీకులకు మాత్రమే పరిమితమని తలచుట పొరపాటు. తలారి, వెట్టి, నీరుగంటి, మంగలి, చాకలి, కుమ్మరి, కమ్మరి మొదలగు గ్రామ సేవకుల మాన్యములు కూడ ఇందులో ఉన్నవి. ఓడ ఎక్కినవారిలో మాల, మాదిగ కుటుంబముల వారు అనేకులు. సొంత పట్టా లేని ఈ కుటుంబముల పేర్లు ప్రభుత్వ దస్త్రములలో ముందుగా కనిపించునది సాధారణముగా సేవా మాన్యముల పట్టీలలోనే. ఈ ఒక్క కారణము చేత ఇనాం దస్త్రములను అన్నింటికంటె ముందు చూడుట న్యాయము.

రైతు కుటుంబములకు సర్వే, సెటిల్మెంటు రిజిస్టర్లు ఆధారము. వీటిలో సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు పేరు ఉండును. అడంగలులో ఏటేటా సాగుబడి వివరములు చేర్చెడివారు. ఈ లెక్కలు కరణము ఇంట పెట్టెలలో తరతరములుగా ఉండెడివి. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వంశపారంపర్య కరణము, మునసబు పదవులను రద్దు చేసినపుడు దస్త్రములను తాలూకా కార్యాలయములకు అప్పగించవలసి వచ్చినది. మార్పు అవసరమైనదే. కాని ఏ పొలము ఎవరి తాతదో నోటితో చెప్పగల జ్ఞానము కాగితములతో పాటు కార్యాలయమునకు బదిలీ కాలేదు. పూర్వపు కరణపు కుటుంబము ఊరిలో ఉన్నచో వారిని కలియుట నేటికీ లాభదాయకము.

క్షామ సంవత్సరములలో పట్టాదారు పేరు మారుట, పొలము బీడుగా వ్రాయబడుట, శిస్తు బాకీకి వేలము వేయబడుట వంటి గుర్తులను ప్రత్యేకముగా గమనింపవలెను. 1877లో ఒకని పట్టా రద్దయి, 1878లో అదే పేరు, అదే తండ్రి పేరు, అదే ఊరు నౌకా పట్టికలో కనిపించినచో రెండు చివరలు కలిసినట్లే.

క్రయ, తనఖా దస్తావేజులు సబ్ రిజిస్ట్రారు కార్యాలయములలో ఉండును. ఆంధ్రప్రదేశ్‌లో కంప్యూటరు ద్వారా లభించు ఈసీలు 1983 నుండి మాత్రమే ఉన్నవి. అంతకు పూర్వపు వాటికి సూచికలను చేతితో వెదికించవలెను. తిరిగి వచ్చిన కూలీలు తెచ్చిన సొమ్ముతో భూమి కొనిన దస్తావేజులు ఇందులో దొరకవచ్చును. జనన మరణముల నమోదుకు సంబంధించిన మదరాసు చట్టము 1899 నాటిది. గ్రామములలో మునసబు ఈ పుస్తకమును వ్రాసెడివాడు. కుటుంబము క్రైస్తవులైనచో చర్చి జ్ఞానస్నాన పుస్తకములు చూడవలెను. లండన్ మిషనరీ సొసైటీ బళ్ళారిలో 1810లోనే తన కేంద్రమును స్థాపించినది.

మౌఖిక ఆధారములు

కాగితములు లేనిచోట నోటి మాట నిలిచియుండును. రాయలసీమలో రెడ్లకు, కాపులకు గోత్రములు, ఇంటిపేర్లు చెప్పెడి పిచ్చుకుంట్లవారు, పద్మశాలీలను ఆశ్రయించిన కూనపులివారు, మాదిగలను ఆశ్రయించిన డక్కలివారు ఇట్టి కుల వంశావళీ గాయకులు. దాత ఇంటి పెద్దల పేర్లను వరుసగా చెప్పి కట్నము పుచ్చుకొనుట వీరి వృత్తి. 'ఫలానావాడు కూలికి పోయి రాలేదు' అను మాట ఇట్టివారి నోట వినబడుటకు అవకాశమున్నది. ఈ వృత్తులు క్షీణించుచున్నవి గనుక వృద్ధుల మాటలను ఇప్పుడే ధ్వనిముద్రణ చేయుట అవసరము.

పెద్దలు సంవత్సరమును అంకెలలో గాక పేరుతో చెప్పుదురు. 'ధాత కరువులో పోయినాడు' అనినచో 1876-77 అని అర్థము. అయితే అరువది ఏండ్లకొకసారి అదే పేరు తిరిగి వచ్చును. 1936-37 కూడ ధాతయే. అప్పటికి ఒప్పంద కూలీ వ్యవస్థ లేదు గనుక సముద్ర ప్రయాణపు కథయైనచో మొదటిదే గ్రహింపవలెను.

ఐర్లాండుతో పోలిక

వంశాన్వేషణ విస్తృతముగా సాగిన దేశములలో ఐర్లాండు ఒకటి. 1845 - 1852 మధ్య బంగాళాదుంప పంట తెగులుతో వచ్చిన క్షామములో సుమారు పది లక్షల మంది మరణించగా, దాదాపు అంతమంది దేశము విడిచిరి. అమెరికాలోని వారి వారసులకు సాధారణముగా కౌంటీ పేరు మాత్రమే తెలియును. కాని పత్రములు దొరకవలెనన్నచో 'టౌన్‌లాండ్' అను చిన్న విభాగపు పేరు కావలెను. బళ్ళారి పేరు మాత్రమే తెలిసిన నేటాల్ తెలుగువారి చిక్కు సరిగా ఇదే. ఐర్లాండు పత్రములు కూడ నష్టమైనవే. 1922లో డబ్లిన్‌లోని పత్రభాండాగారము అంతర్యుద్ధములో కాలిపోయి, 1821 - 1851 నాటి జనాభా లెక్కలలో అధిక భాగము బూడిదయైనది. అక్కడి అన్వేషకులు 1847 - 1864 మధ్య పన్ను కొరకు జరిగిన గ్రిఫిత్ భూ మదింపును జనాభా లెక్కలకు బదులుగా వాడుకొందురు. దత్త మండలాలలో ఇనాం, సెటిల్మెంటు రిజిస్టర్లకు ఉన్న స్థానము అదియే.

ఈ రెండు కథలు బళ్ళారి వద్ద కలియుట ఆసక్తికరము. కంపెనీ సైన్యములోని తెల్ల సిపాయిలలో ఐరిషు వారు పెద్ద సంఖ్యలో ఉండిరి. మద్రాస్ ఫ్యుజిలియర్స్ అను పాత కంపెనీ పటాలము 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్‌లో భాగమైనది. బళ్ళారి దండులో, తరువాత రైల్వే కూడళ్ళలో స్థిరపడిన ఐరోపావారి సంతతి తమ పూర్వీకులను వెదకుటకు మదరాసు చర్చిల జ్ఞానస్నాన, వివాహ, ఖనన పట్టీల నకళ్ళు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. జె.జె. కాటన్ 1905లో ప్రచురించిన మదరాసు ప్రెసిడెన్సీ సమాధి శాసనముల పట్టిక కూడ వీరికి ఉపయోగపడును.

పత్రములు ఉన్న చోట్లు, చట్టపరమైన ప్రాధాన్యము

జిల్లా ఎల్లలు మారినట్లే పత్రములూ చెదిరినవి. 1953కు పూర్వపు ప్రభుత్వ ఉత్తరప్రత్యుత్తరములు, వలస శాఖ కాగితములు చెన్నైలోని ఎగ్మూరు పత్రభాండాగారములో ఉన్నవి. పాత బళ్ళారి కలెక్టరు కార్యాలయము ఇప్పుడు కర్ణాటకలో ఉన్నది. గ్రామ లెక్కలు ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల కార్యాలయములలో ఉన్నవి. ఒక పల్లె చరిత్రకు మూడు రాష్ట్రములు తిరుగవలసి వచ్చుట సామాన్య వారసునికి భారమే. 1882కు ముందు ఓడ ఎక్కినవారి విషయములో ఎగ్మూరుతో మొదలుపెట్టుట, తరువాతి వారి విషయములో ఊరితోనే మొదలుపెట్టుట శ్రమను తగ్గించును.

ఈ అన్వేషణ కేవలము కుతూహలమునకు సంబంధించినది కాదు. భారత ప్రభుత్వము ఇచ్చు విదేశీ భారత పౌరుల కార్డు, అనగా ఓసీఐ, సాధారణ నియమము ప్రకారము మునిమనుమల వరకే వర్తించును. మారిషస్ వారికి ప్రత్యేక నిబంధన ద్వారా ఏడవ తరము వరకు ఈ అవకాశము కల్పించినట్లు 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఆ దేశ పర్యటనలో ప్రకటించిరి. 2025 జులైలో ట్రినిడాడ్ వారికి ఆరవ తరము వరకు విస్తరించినట్లు ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రకటించిరి. తరములు పెరిగిన కొలది నిరూపింపవలసిన జనన, వివాహ పత్రముల గొలుసు కూడ పెరుగును. దరఖాస్తుదారు ఒక్కొక్క తరమునకు ఒక్కొక్క పత్రము చూపి, చివరకు ఓడ దిగిన వ్యక్తి వలస సంఖ్యను చేరవలెను. నడుమ ఒక తరములో ఇంటిపేరు మారి, ఆ మార్పునకు కాగితము లేనిచో గొలుసు అక్కడ తెగును. ఇట్టి సందర్భములలో ఆ తరపు వివాహ పత్రములో తండ్రి పేరునకు ప్రక్కన వ్రాయబడిన వలస సంఖ్య ఉన్నదేమో మొదట చూచుకొనవలెను.